నీడ కోసం తొందరపడ్డాను

మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు వచ్చేవాళ్లు తాడ్వాయి దాటగానే చూసే అడవి సగం అడవే. మాఘమాసం నాటికి టేకు ఆకు రాల్చడం మొదలుపెడుతుంది. మద్ది చెట్లు పలచబడతాయి. మోదుగ, బూరుగ మోడుబారి పూతకు సిద్ధమవుతాయి. లక్షల జనం జంపన్న వాగులో మునిగి, నెత్తిన బెల్లం పెట్టుకుని తల్లుల గద్దెల వైపు నడిచే ఆ నాలుగు రోజుల్లో చెట్ల కింద నీడ చిక్కగా ఉండదు. నేను మేడారాన్ని మొదట జాతరలోనే ఎరుగుదును. హన్మకొండలో పుట్టి పెరిగినవాణ్ని. రెండేళ్లకోసారి ఇంటిల్లిపాదితో వచ్చి, మొక్కు చెల్లించి, బండెక్కి వెళ్లిపోయేవాణ్ని. అందుకే తాడ్వాయి మండలంలోని ఒక బడికి ఉపాధ్యాయుడిగా బదిలీ అయి వచ్చేసరికి నా మనసులో ఒక అభిప్రాయం గట్టిపడిపోయి ఉంది. ఇది కలప అడవి, ఇక్కడి చెట్లు నీడకు పనికిరావు, నీడ కావాలంటే బయటి నుంచి మొక్క తేవాల్సిందే అనుకున్నాను. ఏ చెట్టునూ జ్యేష్ఠంలో చూడలేదు, శ్రావణంలో చూడలేదు. ఆకు రాలే నెలలో చూసి మొత్తం అడవికే తీర్పు చెప్పేశాను.

ఆ తరువాత చెట్ల విషయంలో నేను చేసిన తప్పులకు మూలం అక్కడుంది.

మా బడి ఆవరణ అప్పుడు ఒక పాత వేప తప్ప బోసిగా ఉండేది. తరగతి గదులు పడమటి వైపుకు తెరుచుకుంటాయి. మధ్యాహ్నం రెండు దాటాక ఎండ నేరుగా లోపలికొస్తుంది. పిల్లలు బల్లలు వదిలేసి గోడ వారగా జరిగి కూర్చునేవాళ్లు. అన్నం తినే షెడ్డుకు పైన రేకులు, మార్చిలోనే పెనంలా కాలిపోయేవి. నాకు వెంటనే నీడ కావాలి. నా దగ్గర చదివే పిల్లలు బడి వదిలివెళ్లే లోపే ఆ నీడలో కూర్చోవాలని పట్టుదల. ఆ పట్టుదల మంచిదే. దాని వెనకున్న తొందర మంచిది కాదు.

నర్సరీకి వెళ్లి మనిషెత్తు మొక్కలు ఏరుకున్నాను. ఎర్ర తురాయి, పచ్చ తురాయి, గేటు నుంచి జెండా గద్దె దాకా వరుసగా పొడుగు అశోక. ఎత్తుగా ఉన్న మొక్కకు ఎక్కువ డబ్బులిచ్చి తెచ్చాను. నల్ల సంచి చింపి, గుంతలో దింపి, మట్టి కప్పి, ఊగకుండా కర్రకు బిగించి కట్టాను. రోజూ ఒక్కో మొక్కకు మొదట్లో చెంబెడు నీళ్లు పోయమని పిల్లలకు వంతులు వేశాను. ఈ పనుల్లో చాలావాటిని తప్పుగా చేశానని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. తురాయి రెండు మూడు వానాకాలాల్లోనే గొడుగు విప్పింది.

అయితే నీడ అవసరమైన రోజులు వచ్చేసరికి ఆ గొడుగు లేదు. ఎర్ర తురాయి పుట్టిల్లు మడగాస్కర్. ఎండలు ముదరగానే అది ఆకు దులిపేసుకుంటుంది. ఏప్రిల్ చివర, మే నెలలో నిప్పు పూలు పూసి, వాటితోపాటే చిగురిస్తుంది. మా ఒంటిపూట బడులు మొదలయ్యేది మార్చి నడుమ. బడి మూసేది ఏప్రిల్ చివర. అంటే పిల్లలు ఎండలో మాడే ఆ ఆరు వారాలూ అది ఎండుకాయలు వేలాడేసుకుని ఉత్త కొమ్మలతో నిలబడేది. సెలవులిచ్చాక ఎవరూ లేని ఆవరణలో నిండా పూసేది. నేను పువ్వును చూసి చెట్టును ఎంచుకున్నాను. ఆకు ఏ నెలలో ఉంటుందో, ఏ నెలలో ఉండదో ఎవరినీ అడగలేదు.

పొడుగు అశోకల సంగతి ఇంకొకటి. మేడారం భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 18 డిగ్రీల మీద ఉంది. మే నెలలో ఒకసారి, మళ్లీ జులై చివర ఒకసారి సూర్యుడు మిట్టమధ్యాహ్నం మన నడినెత్తికి వస్తాడు. అలాంటి చోట నీడ చెట్టు కిందనే పడుతుంది, పక్కకు సాగదు. స్తంభంలా పెరిగే చెట్టు ఎంత ఎత్తుకు పోయినా మధ్యాహ్నం దాని నీడ ఒక గోనెసంచి పరిచినంత. ఇక్కడ కావాల్సింది వెడల్పు. చింత, మర్రి, కానుగ, మామిడి ఊళ్లలో రచ్చబండలకూ సంతలకూ నీడగా నిలిచింది వాటి అడ్డం వల్లనే. బళ్లలో, ఆఫీసుల్లో బారులుగా పొడుగు అశోకలు పెడుతుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. చూపుకు క్రమశిక్షణగా ఉంటాయి, వాటి కింద ఒక్క పిల్లవాడు కూర్చోలేడు.

ఈ లెక్క నాకు అమెరికాలోనే అర్థమై ఉండాల్సింది, కాలేదు. మా అమ్మాయి మిషిగన్‌లో ఉంటుంది. వేసవి సెలవుల్లో వెళ్లినప్పుడు వాళ్ల వీధంతా మేపుల్ చెట్లు. అంత చిక్కటి, చల్లటి నీడలో నేనెప్పుడూ నడవలేదు. అక్కడ అక్షాంశం 42 డిగ్రీల దగ్గర. ఎండాకాలంలోనూ సూర్యుడు నడినెత్తికి రాడు కాబట్టి ఎత్తైన చెట్టు నీడ మధ్యాహ్నం కూడా కొంత పక్కకు సాగుతుంది. చలికాలంలో అవి ఆకు రాల్చేస్తాయి. ఆ దేశానికి అదీ మేలే, మంచు కురిసే రోజుల్లో ఇంట్లోకి ఎండ రావాలి కదా. ఎండ వద్దన్నప్పుడు ఆకు ఉండి, కావాలన్నప్పుడు తప్పుకునే చెట్టు అది. ఆ వాతావరణంతో దానికి కుదిరిన పొత్తు అది. నేను ఆ పొత్తును చూడలేదు, ఆకునే చూశాను. ఇదే మా బడికి కావాల్సిన చెట్టు అనుకున్నాను.

వీధి పొడవునా రెక్కల గింజలు గిరగిరా తిరుగుతూ రాలుతున్నాయి. అవి సిల్వర్ మేపుల్ గింజలు. వసంతం చివర రాలి, తడి తగిలితే వెంటనే మొలుస్తాయి. షుగర్ మేపుల్ గింజలైతే అలా కాదు, శరత్కాలంలో రాలి చలికాలమంతా తడి చలిలో నిద్రపోతే గాని మొలవవు. సిల్వర్ మేపుల్ గింజ ఆరితే చస్తుందని చదివి, తడి కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టుకుని తెచ్చాను. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేకపోయిన పని. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం అనుమతి పత్రాలు లేకుండా విదేశీ విత్తనాలు దేశంలోకి తేకూడదు. నాకు ఆ సంగతి లీలగా తెలుసు. పిడికెడు గింజలకు ఏమవుతుందిలే అనుకున్నాను. తెచ్చింది ఎక్కడికి? ఏటూరునాగారం అభయారణ్యం పక్కకు. లాంటానా, వయ్యారిభామ ఇలాగే ఎవరో తెస్తేనో, దేనితోనో కలిసి వస్తేనో ఈ గడ్డ మీద పడ్డాయి. ఇప్పుడు అడవిలో పశువుకు గడ్డి పరక దొరకని చోట్లున్నాయి. మేపుల్ కుటుంబంలోనే ఇందుకు ఉదాహరణ ఉంది. యూరప్ నుంచి నీడకని అమెరికాకు తెచ్చిన నార్వే మేపుల్ వీధులు దాటి అడవుల్లోకి దూరింది. దాని చిక్కటి నీడ కింద అక్కడి స్థానిక మొక్కలు లేవలేకపోతున్నాయి. మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాలు దాని అమ్మకాన్నే నిషేధించాయి. ఆ నేల వాళ్లే వద్దనుకునే పని నేను ఈ నేలకు చేయబోయాను.

గింజలు మొలిచాయి. వానాకాలమంతా ముచ్చటగా పెరిగాయి. వెన్నెల రంగు అడుగున్న ఆ ఆకులను పిల్లలకు చూపించి మురిసిపోయాను. వేసవి వచ్చింది. ఈ ప్రాంతంలో మే నెలలో 44 డిగ్రీలు దాటడం మామూలే. ఆకు అంచులు మాడాయి, మాడు నడిమి దాకా పాకింది, నీళ్లు పోసినకొద్దీ కాండం మెత్తబడింది. ఒక్కటీ మిగల్లేదు. మిగలకపోవడమే మంచిదైంది. ఆ మాట అనుకోవడానికి మాత్రం నాకు చాలా కాలం పట్టింది.

సిల్వర్ మేపుల్ గురించి మరో సంగతి తరువాత తెలిసింది. డచ్ ఎల్మ్ తెగులుతో అమెరికా వీధుల్లో ఎల్మ్ చెట్లు లక్షలుగా చచ్చిపోయాక, ఆ ఖాళీని త్వరగా నింపాలని చాలా ఊళ్లలో దీన్ని నాటారు. తొందరగా పెరిగింది. కలప మెత్తన, కొమ్మల కవలు ఇరుకు. గాలికీ మంచు బరువుకీ విరిగి ఇళ్ల మీద పడింది. వేళ్లు పైపైనే పాకి కాలిబాటలను పైకి లేపాయి. అక్కడి వృక్ష నిపుణులు దీన్ని ఇంటి దగ్గర నాటొద్దని చెబుతారు. మన రోడ్ల మధ్య కోనోకార్పస్ కథా ఇలాంటిదే. తొందరగా పచ్చబడుతుందని ఎక్కడపడితే అక్కడ నాటాం. దాని పుప్పొడి మీద, పైపుల్లో దూరే వేళ్ల మీద ఫిర్యాదులు వచ్చాక వద్దనుకున్నాం. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. దేశం ఏదైనా, నీడ కోసం తొందరపడ్డవాళ్లు ఒకేలాంటి చెట్టును ఎంచుకుంటారనిపిస్తుంది.

నా తొందర ఫలితం నా కళ్లముందుకు వచ్చింది ఒక వేసవి సెలవుల్లో. సాయంత్రం ఈదురుగాలి లేచి పచ్చ తురాయి ఒకటి కూకటివేళ్లతో ఒరిగి అన్నం షెడ్డు మీద పడింది. రేకులు వంగిపోయాయి. బడి నడిచే రోజైతే అక్కడ పిల్లలు వరుసల్లో కూర్చుని ఉంటారు. వాళ్ల పేర్లు ఒక్కొక్కటే నా మనసులో తిరిగాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ షెడ్డు తలుచుకుంటే చేయి ఆగుతోంది.

చెట్టు కొట్టి తీయడానికి పక్క గూడెం నుంచి ఒక కోయ పెద్దమనిషి వచ్చాడు. మా బడిలో చదివిన పిల్లలకు తాత. వేరు మొద్దును గొడ్డలి మడమతో తట్టి మట్టి దులిపి నన్ను పిలిచాడు.

“సారూ, ఇటు రాండ్రి. వేరు పక్కకు పోనేలే. సంచిల ఎట్లున్నదో గట్లనే ఉన్నది.”

వంగి చూశాను. వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని చుట్టకుదురులా ఉన్నాయి. నర్సరీ సంచి ఎంత వెడల్పో అంతే వెడల్పు. పైన అంత కొమ్మ, కింద ఆ చుట్ట.

“నాటేటప్పుడు విప్పాల్నా తాతా?”

“విప్పాలె, లేకుంటె కొయ్యాలె. అసలు గంత పెద్ద మొక్క ఎందుకు తెచ్చిన్రు? గింజ ఏస్తె అయిపోవు గద.”

ఆ తరువాత నేను తెలుసుకున్నవన్నీ ఆ మాటల చుట్టూ తిరిగేవే. సంచిలో ఎక్కువ కాలం ఉన్న మొక్క వేళ్లు గోడ తగిలి తిరుగుతాయి. ఒకసారి తిరగడం మరిగితే నేలలో పెట్టినా అలాగే తిరుగుతాయి. నాటేముందు చుట్టను నిలువుగా మూడు నాలుగు చోట్ల కోసి విడదీయాలి. నేను లోతుగా పాతి, కాండం మొదలును మట్టితో కప్పేశాను. కాండం వెడల్పై వేళ్లుగా చీలే చోటు నేల మట్టానికి కనబడాలి. బిగించి కట్టిన కర్ర వల్ల చెట్టు గాలికి ఊగలేదు, ఊగని చెట్టు మొదలు బలపడదు. కడితే వదులుగా, కిందికి కట్టాలి, ఏడాది కాగానే విప్పేయాలి. అన్నిటికన్నా నన్ను బాధించింది నీళ్ల సంగతి. రోజూ చెంబెడు నీళ్లు మొదట్లో పోస్తే వేరుకు దూరం పోవాల్సిన పని ఉండదు. పిల్లలు వంతు తప్పకుండా, ఎంతో ప్రేమగా పోసిన నీళ్లు అవి. వారానికోసారి కాండానికి దూరంగా, నేల లోతుకు దిగేలా పోయమని నేను చెప్పి ఉండాల్సింది.

అప్పటికి పాత వేప చుట్టూ సిమెంటుతో అరుగు కూడా కట్టించి ఉన్నాను, లోపల మట్టి నింపి. పిల్లలు కూర్చుంటారని. మొదలు చుట్టూ మట్టి పోస్తే బెరడు తడిసి కుళ్లుతుంది, వేళ్లకు గాలి అందదు. ఆ అరుగును పగలగొట్టించాం. బెరడు ఒక పక్క అప్పటికే మెత్తబడింది. చెట్టు నిలిచింది గానీ ఆ పక్క కొమ్మలు తిరిగి రాలేదు.

ఇంత జరిగాక నాకు కొత్త నమ్మకం ఒకటి పట్టుకుంది. బయటి చెట్టు పడుతుంది, మన అడవి చెట్టు పడదు అని. ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠంలో ఆ మాటే చెప్పాను. ఈ నేలలో పుట్టిన మద్దిని ఏ గాలీ కదపలేదని బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పాను.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో కొద్దిసేపు వీచిన పెనుగాలికి 50,000 చెట్లకు పైగా నేలకొరిగాయి. సుమారు 200 హెక్టార్లు. బంగాళాఖాతంలో వాయుగుండం, రాష్ట్రమంతా కుండపోత, ఖమ్మంలో మున్నేరు వరద. ఆ హోరులో అడవి లోపల ఏం జరిగిందో బయటికి తెలియడానికి రోజులు పట్టింది. పడినవి బయటి నుంచి తెచ్చిన చెట్లు కావు. మనిషి నాటకుండా తరాలుగా పెరిగినవి, వాటిలో నేను పిల్లలకు చెప్పిన మద్దులున్నాయి. ఆ గాలి ఊళ్ల మీదికి రాకపోవడం తల్లుల చలువ అని ఇక్కడివాళ్లు నమ్ముతారు. నేనూ దండం పెట్టుకున్నాను.

దారి పక్క నుంచి కనిపించినంత మేర చూశాను. కొన్ని నడిమికి విరిగాయి. చాలా చెట్లు మట్టి పెళ్లతో సహా లేచి పడ్డాయి. ఆ పెళ్లలు వెడల్పుగా ఉన్నాయి, మందం లేదు. అటవీ అధికారులు కూడా అదే చెప్పారు. ఇక్కడ నేల పలచన, వేరు లోతుకు పోలేక పక్కలకే సాగింది. రోజుల తరబడి వానకు నానిన మట్టి పట్టు వదిలేసింది. నిజానికి చాలా చెట్లకు ఎక్కువ వేళ్లు పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వెడల్పే దాని పట్టు. ఆ వెడల్పు కింద మట్టి ఎంత ఉంది, ఎంత తడిసింది, గాలి ఎంత వచ్చింది అన్నవి చెట్టు పుట్టుకను బట్టి మారవు. అంత గాలికి పడినందుకు ఏ చెట్టునూ తప్పుపట్టలేం.

మరుసటి వారం అదే తరగతికి వెళ్లి, నేను చెప్పిన పాఠం తప్పని చెప్పాను. వెనక బల్ల మీది అమ్మాయి లేచి, మరి మన బడి కింద మట్టి ఎంతుంది సార్ అని అడిగింది. ఇన్నేళ్లలో నేను అడగని ప్రశ్న అది.

పిల్లలతో కలిసి ఆవరణలో అక్కడక్కడా గుంతలు తవ్వి చూశాం. బావి వైపు మట్టి లోతుగా ఉంది. పడమటి వైపు, సరిగ్గా నీడ కావాల్సిన చోట, మోకాలి లోతు దాటకుండానే మొరం తగిలింది. పచ్చ తురాయి పడింది కూడా అక్కడే. కాబట్టి పెద్ద చెట్టు పడమట గోడకు ఆనుకుని ఉండకూడదని తేల్చుకున్నాం. అక్కడ కానుగ వేశాం, గదులకూ షెడ్డుకూ దూరంగా, ఒంటరిగా కాకుండా గుంపుగా. గుంత లోతు పెంచకుండా వెడల్పు పెంచి మట్టి గుల్ల చేశాం. కానుగ ఎండాకాలం మొదట్లో ఆకు మార్చుకుంటుంది గానీ, పాత ఆకు రాలీ రాలకముందే నిగనిగలాడే కొత్త ఆకు వచ్చేస్తుంది. ఒంటిపూట బడుల నాటికి నీడ సిద్ధం. మా దగ్గర మేకలు దాన్ని పెద్దగా ముట్టలేదు, కంచె ఖర్చు కలిసొచ్చింది. మొదటి వానలకు గింజ పెడితే రెండు వారాల్లో మొలుస్తుంది. సంచి మొహం చూడని వేరు దానిది. బావి వైపు చింత, నేరేడు పెట్టాం. నేరేడు గింజ ఆరితే మొలవదు, పండు తిన్న వెంటనే నాటాలి. ఆ పని పిల్లలు నా ప్రమేయం లేకుండానే చేశారు.

రోజూ పొద్దున ఆకులు ఊడ్చి తగలబెట్టడం మానేశాం. దారుల మీదివి మాత్రం ఊడ్చి, చెట్ల పాదుల్లో కాండానికి తగలకుండా పరుస్తున్నాం. పాములు, తేళ్లు చేరతాయని తల్లిదండ్రులు భయపడ్డారు. భయం న్యాయమైనదే, అందుకే పిల్లలు తిరిగే చోట ఆకు ఉంచం.

ఇప్ప కూడా వేశాం. అది చాలా నిదానం. దాని గింజ వానల మొదట్లో రాలుతుంది, రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే సత్తువ పోతుంది. తల్లివేరు ముందు కిందికి దిగుతుంది, పైన మొక్క ఏళ్ల తరబడి చిన్నదిగానే కనబడుతుంది. ఒకప్పుడైతే ఎదగలేదని పీకేసేవాణ్ని. చైత్రంలో దాని లేత చిగురు రాగి ఎరుపున ఉంటుంది. మిషిగన్‌లో మేపుల్ శరత్తులో ఎలా ఎర్రబడుతుందో మా అమ్మాయి ఫొటోలు పంపుతుంటుంది. ఆ ఎరుపునూ ఈ ఎరుపునూ తెచ్చేది ఒకే జాతి రంగుపదార్థం. అక్కడ రాలే ముందు వస్తుంది, ఇక్కడ పుట్టేటప్పుడు వస్తుంది. ఇంత దగ్గర్లో ఉన్నదాన్ని చూడకుండా అంత దూరం వెళ్లి ఆశపడ్డాను.

మిగిలిన తురాయిలను కొట్టేయమని కొందరు అంటున్నారు. మేం కొట్టలేదు. ఇరుకు కవలున్న కొమ్మలు తీయించి, పైబరువు తగ్గించి, వాటి కింద పిల్లలు కూర్చోకుండా దడి కట్టాం. కానుగ నీడ షెడ్డు ముందు దాకా అందిన ఏడాది వాటిని ఒక్కొక్కటిగా తీసేస్తాం. అప్పటిదాకా ప్రతి వేసవిలో, వానలకు ముందు, మొదళ్ల దగ్గర నేల పగుళ్లిచ్చిందేమో చూడటం నా పని. నేను రిటైరయ్యాక ఆ పని చేయాల్సినవాళ్లకు ఎక్కడ చూడాలో, ఏం చూడాలో చూపించి ఉంచాను. ఏ చెట్టు కింద మట్టి ఎంత లోతుందో రాసిన నోటుపుస్తకం ఆ వెనక బల్ల అమ్మాయి దగ్గర ఉంది.